రంగు వేయించాక బల్బులు మాడుతున్నాయా? రెగ్యులేటర్‌ను ఆఖరున అనుమానించండి

ప్రశ్న: మా ఇంట్లో 1958 నాటి మోరిస్ మైనర్ కారు ఉంది. డైనమో (ఇంజను తిరుగుతుంటే కరెంటు తయారుచేసేది), దాని వోల్టేజీని అదుపులో ఉంచే లూకాస్ రెగ్యులేటర్ పెట్టె పాతవే. బాడీకి రంగు వేయించేదాకా ఏ ఇబ్బందీ లేదు. ఆ పని అయ్యాక బండి బయటికి తీసినప్పటి నుంచి బ్యాటరీలో నీళ్ళు త్వరగా తగ్గిపోతున్నాయి. బ్యాటరీ పైన ఎప్పుడూ తడిగా ఉంటోంది. హెడ్‌లైట్ బల్బులు వరసగా మాడిపోతున్నాయి. రెగ్యులేటర్ పోయిందని మెకానిక్ కొత్త పెట్టె వేశాడు. అయినా అదే తంతు. మీటరు పెట్టి చూస్తే 16 వోల్టులు దాటుతోంది. డాష్‌బోర్డు మీది ఎర్రలైటు కూడా ఇదివరకటిలా వెంటనే ఆరడం లేదు, కాస్త రేస్ చేస్తేగాని ఆరదు. ఇంకో రెగ్యులేటర్ కొనాలా? ఉన్నదాన్ని ఇంటి దగ్గరే పరీక్షించుకునే పద్ధతి ఉందా? డైనమో తీసేసి, ఇప్పటి కార్లలో అదే పని చేసే ఆల్టర్నేటర్ వేయించమని అందరూ అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇంకో రెగ్యులేటర్ కొనకండి. కనీసం ఇప్పుడే కొనకండి.

పాత పెట్టె, కొత్త పెట్టె రెండూ ఒకే జబ్బు చూపించాయంటే జబ్బు పెట్టెలో ఉండే అవకాశం తక్కువ. పైగా మీ ఉత్తరంలో రెండు ఆధారాలు ఉన్నాయి. ఒకటి, రంగు వేశాకే ఇదంతా మొదలైంది. రెండోది, ఎర్రలైటు ఆలస్యంగా ఆరుతోంది. ఈ రెండూ కలిపి చూస్తే నా అనుమానం పెట్టెకు వచ్చే ఎర్త్ వైరు మీద, అంటే పెట్టెను కారు బాడీకి కలిపే వైరు మీద. ఆ వైరు బాడీకి బిగించే చోట కొత్త రంగు అడ్డుపడి ఉండాలి. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, చార్జింగ్‌లో ఏ తేడా వచ్చినా అందరూ ముందు రెగ్యులేటర్ మీద పడతారు. నిజానికి దాన్ని ఆఖరున చూడాలి. ఎందుకో తెలియాలంటే లోపల ఏం జరుగుతోందో కాస్త చెప్పాలి.

మీ బండిలో ఉండేది లూకాస్ ఆర్‌బి106/2 రకం పెట్టె. మూత తీస్తే రెండు కాయిల్స్ కనిపిస్తాయి. ఒకటి వోల్టేజీ రెగ్యులేటర్, రెండోది కటౌట్. డైనమో నుంచి పెట్టెకు రెండు వైర్లు వస్తాయి. డైనమో తయారు చేసిన కరెంటు 'డి' టెర్మినల్‌కు వచ్చే లావు వైరులో వస్తుంది. 'ఎఫ్' టెర్మినల్‌కు ఉన్న సన్న వైరు డైనమోలోని ఫీల్డ్ కాయిల్‌కు కరెంటు పంపుతుంది. ఫీల్డ్‌కు ఎక్కువ కరెంటు వెళితే డైనమో ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది, తక్కువ వెళితే తక్కువ ఇస్తుంది. రెగ్యులేటర్ కాయిల్ చేసే పనల్లా డైనమో వోల్టేజీని గమనిస్తూ ఉండటమే. హద్దు దాటగానే కాంటాక్టు పాయింట్లను విడదీస్తుంది. అప్పుడు ఫీల్డ్ కరెంటు ఒక రెసిస్టెన్సు గుండా పోవలసి వస్తుంది కాబట్టి వోల్టేజీ పడిపోతుంది. పడిపోగానే పాయింట్లు మళ్ళీ కలుస్తాయి. ఇది సెకనుకు పదుల సార్లు జరుగుతుంది. కటౌట్ కాయిల్ పని వేరు. డైనమో వోల్టేజీ బ్యాటరీని దాటినప్పుడు రెండింటినీ కలపడం, ఇంజను నెమ్మదించినప్పుడు విడగొట్టడం దాని బాధ్యత. అది విడగొట్టకపోతే బ్యాటరీ కరెంటు వెనక్కి పారి డైనమోను కాల్చేస్తుంది.

ఇక్కడ కీలకం ఒకటుంది. రెగ్యులేటర్ కాయిల్ వోల్టేజీని 'డి' టెర్మినల్‌కూ 'ఇ' టెర్మినల్‌కూ మధ్య కొలుస్తుంది. 'ఇ' అంటే ఎర్త్. దాని నుంచి ఒక వైరు బాడీకి బిగించి ఉంటుంది. పెట్టెను స్క్రూలతో బాడీకి బిగించాం కదా, ఎర్త్ దానంతట అదే వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు, ఈ పెట్టె అడుగు లోహం కాదు. ఆ ఒక్క వైరే దిక్కు. వైరు కొస కింద రంగు పొర ఉండి అక్కడ ఒక వోల్టు పోతోందనుకోండి. కాయిల్‌కు అందేది అసలు వోల్టేజీ కంటే ఒక వోల్టు తక్కువ. అది హద్దు ఇంకా రాలేదనుకుని డైనమోను మరో వోల్టు పైకి పోనిస్తుంది. పెట్టె తన పని తాను సరిగ్గానే చేస్తున్నా బ్యాటరీ ఉడికిపోతుంది. కటౌట్ కాయిల్ కూడా అదే ఎర్త్ మీద ఆధారపడింది కాబట్టి అదీ ఆలస్యంగా మూసుకుంటుంది. ఎర్రలైటు 'డి'కీ బ్యాటరీ వైపుకీ మధ్య ఉంటుంది. కటౌట్ మూసుకుని రెండు వైపులా వోల్టేజీ సమానమైతేనే అది పూర్తిగా ఆరుతుంది. మీ లైటు ఆలస్యంగా ఆరడానికి కారణం ఇదే కావచ్చు. రెగ్యులేటర్ పాయింట్లు ఒక్కటే అంటుకుపోయి ఉంటే ఓవర్‌చార్జింగ్ ఉండేది కానీ లైటు ఆలస్యం అయ్యేది కాదు.

ఇక మీరు చెప్పిన 16 వోల్టుల సంగతి. ఆ అంకె ఎక్కడ కొలిచారో మీరు రాయలేదు. బండి నడుస్తుండగా బ్యాటరీ రెండు కొసల మధ్య 16 వస్తే అది ఘోరం, వెంటనే ఆపాలి. అదే బ్యాటరీ వైపు వైర్లు విప్పేసి, లోడు (కరెంటు వాడుకునే బ్యాటరీ, లైట్ల వంటివి) ఏమీ లేకుండా 'డి' దగ్గర కొలిస్తే, ఈ రకం పెట్టెకు 16 దగ్గర రావడమే సరైన లెక్క. లూకాస్ ఈ పెట్టెలో రెగ్యులేటర్ కాయిల్ మీద కొన్ని లావు చుట్లు అదనంగా వేసింది. బ్యాటరీకీ లైట్లకీ వెళ్ళే కరెంటు ఆ చుట్ల గుండా పోతూ కాయిల్ బలాన్ని పెంచుతుంది. అందుకే లోడు పెరిగే కొద్దీ వోల్టేజీ కిందికి దిగుతుంది. లోడు లేనప్పుడు 16 చూపించే పెట్టె, వైర్లన్నీ కలిపి నడిపినప్పుడు బ్యాటరీ దగ్గర 14, 14.5కు వస్తుంది. ఇది తెలియక ఖాళీ వోల్టేజీని 14కు దించేసి, తర్వాత బ్యాటరీ చార్జ్ కావడం లేదని మొత్తుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

కొత్తగా వేసిన పెట్టె మూత ఒకసారి తీసి చూడండి. పైకి పాత లూకాస్ పెట్టెలా ఉండి లోపల ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉన్నవి ఇప్పుడు చాలా వస్తున్నాయి. లోపల కాయిల్స్ లేకపోతే ఈ 16 లెక్క దానికి వర్తించదు, తిప్పడానికి స్క్రూ కూడా ఉండకపోవచ్చు. దాంతో వచ్చిన కాగితంలో ఎంత రాసి ఉంటే అంతే ప్రమాణం. మీ బండి తయారైన నాటికి పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిసి ఉంటుంది. నెగటివ్ ఎర్త్ బండి కోసం చేసిన ఎలక్ట్రానిక్ పెట్టెను దీనికి కలిపితే నిమిషంలో పోతుంది. మధ్యలో ఎవరైనా మార్చారేమో, బ్యాటరీ ఏ కొస బాడీకి కలిసి ఉందో చూసి నిర్ధారించుకోండి.

ఇప్పుడు పరీక్షలు. ముందుగా బ్యాటరీ. రాత్రంతా ఊరికే ఉంచి పొద్దున కొలిస్తే బాగున్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర చూపించాలి. 12.2 అంటే సగమే చార్జ్ ఉన్నట్టు. ఒక సెల్ చచ్చిన బ్యాటరీ ఎంత కరెంటు ఇచ్చినా తాగుతూనే ఉంటుంది, నీళ్ళు మరుగుతూనే ఉంటాయి. దాన్ని పెట్టుకుని రెగ్యులేటర్‌ను పరీక్షించడం వృథా. ఫ్యాన్ బెల్టును పొడవైన వైపు మధ్యలో వేలితో నొక్కితే సుమారు అర అంగుళం లోపలికి పోవాలి. ఈ రెండూ సరిగ్గా ఉన్నాకే మీటరు తీయండి.

మీటరు విషయంలో నా సలహా, వీలైతే ముల్లు ఉన్న పాతకాలం వోల్ట్‌మీటరు వాడండి. డైనమో బ్రష్షుల నుంచి, ఆడుతున్న పాయింట్ల నుంచి వచ్చే అలజడికి డిజిటల్ మీటరు అంకెలు గంతులేస్తాయి. రెగ్యులేటర్ పనిలోకి దిగిన క్షణం ముల్లు ఒకసారి ఊగి నిలబడటం స్పష్టంగా కనిపిస్తుంది. ముల్లు మీటరు వాడితే, పాజిటివ్ ఎర్త్ బండిలో ఎర్ర ప్రోబ్ బాడీకి, నల్లది టెర్మినల్‌కు పెట్టాలి. డిజిటల్‌లో తిరగేసి పెట్టినా మైనస్ గుర్తు పడుతుంది, అంతే.

పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఈ పెట్టెలో 'ఎ' టెర్మినల్‌కు బ్యాటరీ కరెంటు నేరుగా వస్తుంది, మధ్యలో ఫ్యూజు లేదు. స్విచ్చి ఆపినా అది ఆగదు. మూత తీశాక లోపలి లోహ భాగాల్లో చాలావరకు కరెంటు ఉంటుంది. స్క్రూడ్రైవర్ జారి బాడీకి తగిలితే వైరింగు ఎర్రగా కాలుతుంది. కాబట్టి ఏ వైరు విప్పాలన్నా, కలపాలన్నా ముందు బ్యాటరీ ఎర్త్ కొస తీసేయండి, అన్నీ అయ్యాక దాన్ని ఆఖరున పెట్టండి. చేతికి ఉంగరం, గడియారం వద్దు. బ్యాటరీ ఇప్పటికే ఉడుకుతోంది కాబట్టి హైడ్రోజన్ వాయువు బయటికి వస్తూ ఉంటుంది. దగ్గరలో నిప్పు ఉండకూడదు, గాలి బాగా ఆడాలి.

మీ విషయంలో అన్నిటికంటే ముందు చేయవలసింది ఎర్త్ పరీక్ష. ఇంజను స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు వేసి, ఐడిలింగ్ కంటే కాస్త ఎక్కువలో ఉంచండి. మీటరును అన్నిటికంటే తక్కువ డీసీ వోల్టుల రేంజిలో పెట్టండి. ఒక ప్రోబ్ పెట్టె మీది 'ఇ' టెర్మినల్‌కు, రెండోది బ్యాటరీలో బాడీ వైపున్న సీసం కొసకు గట్టిగా ఆనించండి. క్లాంపు మీద వద్దు, కొస మీదే పెట్టండి. రీడింగు దాదాపు సున్నా ఉండాలి. ఈ ఎర్త్ వైరులో పారేది కాయిల్స్ తాలూకు చిన్న కరెంటే. అంత చిన్న కరెంటుకే అర వోల్టు కనిపించిందంటే ఆ జాయింటులో ఓంల కొద్దీ రెసిస్టెన్సు ఉన్నట్టు. మీ బండిలో ఇక్కడ ఒక వోల్టో అంతకంటే ఎక్కువో కనిపిస్తే నాకు ఆశ్చర్యం ఉండదు.

తర్వాత ఒక ప్రోబ్ అక్కడే ఉంచి, రెండోదాన్ని 'ఇ' నుంచి డైనమో ఒంటి మీద రంగు లేని చోటుకు మార్చండి. ఇక్కడ పారేది పెద్ద కరెంటు కాబట్టి ఒకటి రెండు పదుల వంతు వోల్టు కనిపించినా పట్టించుకోనక్కర్లేదు. అంతకు మించితే ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ చూడాలి. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీ లేకపోతే కరెంటు చోక్ కేబుల్ గుండా, థ్రాటిల్ తీగ గుండా దారి వెతుక్కుంటుంది. రంగు పనికి ఇంజను దించి మళ్ళీ ఎక్కించినప్పుడు ఈ పట్టీని బిగించడం మర్చిపోవడం మామూలే.

అనుమానం నిజమో కాదో తేల్చే ఇంకా సులువైన దారి ఉంది. బ్యాటరీ విప్పి, ఒక మంచి వైరుతో 'ఇ' టెర్మినల్‌ను నేరుగా డైనమో ఒంటికి కలపండి. బ్యాటరీ మళ్ళీ పెట్టి స్టార్ట్ చేసి, బ్యాటరీ కొసల మధ్య వోల్టేజీ చూడండి. ముందు చూపించిన దాని కంటే బాగా తగ్గి, ఎర్రలైటు కూడా త్వరగా ఆరితే కేసు తేలిపోయినట్టే. అప్పుడు 'ఇ' వైరు బాడీకి బిగించిన చోట రంగును గీకి మెరిసే లోహం కనిపించేలా చేయండి. పళ్ళున్న వాషర్ వేసి గట్టిగా బిగించి, పైన కాస్త వ్యాసిలిన్ రాయండి. రంగు పాడవుతుందని బెంగపడకండి, వాషర్ కింద ఎవరికీ కనిపించదు. ఉడుకుతున్న బ్యాటరీ నుంచి చిమ్మే ఆసిడ్ ఇంతకంటే ఎక్కువ రంగు తినేస్తుంది.

అలా కలిపినా వోల్టేజీ తగ్గలేదనుకోండి. అప్పుడు ఎఫ్ వైరు పరీక్ష చేయాలి. ఇంజను ఆపి, బ్యాటరీ విప్పి, పెట్టె వైపు 'ఎఫ్' వైరు తీసి కొస ఎక్కడా తగలకుండా టేపు చుట్టండి. మళ్ళీ స్టార్ట్ చేసి కాస్త రేస్ చేయండి. ఫీల్డ్‌కు కరెంటు అందదు కాబట్టి చార్జింగ్ ఆగిపోవాలి, ఎర్రలైటు వెలుగుతూనే ఉండాలి. అలా కాకుండా ఇంకా చార్జ్ అవుతుంటే పెట్టె నిర్దోషి. ఎఫ్ వైరు దారిలో ఎక్కడో డి వైరుకు తగులుతోంది, లేదా డైనమో లోపలే రెండూ కలిశాయి. పాత వైరింగులో గుడ్డ, రబ్బరు పొరలు పొడిబారి రాలిపోతాయి కాబట్టి ఇది అరుదేమీ కాదు. ఎఫ్ తీయగానే చార్జింగ్ ఆగితే డైనమో, వైర్లు బాగున్నట్టే. అప్పుడు నిజంగా పెట్టె వైపు చూడాలి.

మీకు ఓవర్‌చార్జింగ్ ఉంది కాబట్టి డైనమో బలం గురించి అనుమానం లేదు. అసలు చార్జ్ కాని బండి ఉన్నవాళ్ళ కోసం ఒక్క మాట చెబుతాను. డైనమో మీదున్న రెండు వైర్లూ తీసేసి, దాని డి, ఎఫ్ టెర్మినళ్ళను చిన్న తీగతో కలిపి, ఆ తీగకూ డైనమో ఒంటికీ మధ్య వోల్టులు చూడాలి. ఇంజను వేగం మెల్లగా పెంచుతూ పోతే వోల్టేజీ వణుకు లేకుండా చకచకా ఎక్కాలి. 20 దాటనివ్వకండి, ఇంజను నిమిషానికి 1000 చుట్లు తిరిగితే చాలు. ఏమీ రాకపోతే బ్రష్షులు చూడండి. అర వోల్టో ఒక వోల్టో వచ్చి ఆగితే ఫీల్డ్ కాయిల్, 12కు సగం దగ్గర ఆగితే ఆర్మేచర్ (డైనమో లోపల తిరిగే భాగం) అనుమానించాలి.

రెగ్యులేటర్ అసలు పరీక్షకు ఇప్పుడు వద్దాం. పాత లూకాస్ పెట్టెనే మళ్ళీ బిగించి చేయండి, అది బాగానే ఉందని నా నమ్మకం. బ్యాటరీ విప్పి, పెట్టె మీద 'ఎ', 'ఎ1' టెర్మినళ్ళ వైర్లు (బ్యాటరీకీ, ఇగ్నిషన్, లైట్లకీ వెళ్ళేవి) తీసి, ఆ వైర్లన్నిటినీ ఒకదానికొకటి కలిపి టేపు గట్టిగా చుట్టండి. అలా కలిపితేనే ఇగ్నిషన్‌కు బ్యాటరీ కరెంటు అంది ఇంజను నడుస్తుంది. బ్యాటరీ పెట్టి, మీటరును 'డి'కీ 'ఇ'కీ మధ్య ఉంచి స్టార్ట్ చేయండి. వేగం నెమ్మదిగా పెంచండి. ముల్లు ఎక్కుతూ పోయి, ఒకచోట చిన్నగా ఊగి నిలబడుతుంది. ఆ అంకె కావాలి. 20 డిగ్రీల సెల్సియస్ వాతావరణంలో అది 16 చుట్టుపక్కల ఉండాలి. వాతావరణం వేడిగా ఉంటే కాస్త తక్కువ, చల్లగా ఉంటే కాస్త ఎక్కువ ఉండటం సహజం, లోపలి స్ప్రింగును అందుకు తగ్గట్టే చేశారు. మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఏ ఉష్ణోగ్రతకు ఎంతో పట్టిక ఉంటుంది, దాన్నే పాటించండి. ముల్లు నిలబడకుండా వణుకుతుంటే పాయింట్లు మురికి పట్టినట్టు. నిలబడకుండా పైకి పోతూనే ఉంటే పాయింట్లు అంటుకుపోయి ఉండాలి, లేదా కాయిల్ తెగి ఉండాలి. అప్పుడు మాత్రం పెట్టె పోయిందన్న మాట నిజం.

ఇక్కడ చేతులు దురదపెట్టి రేస్ ఎక్కువ చేస్తే తప్పుడు అంకె వస్తుంది. లోడు లేని డైనమో వేగం పెరిగితే వోల్టేజీ విపరీతంగా ఎక్కుతుంది. రెగ్యులేటర్ పట్టుకున్న చోటే ఆగి చదవాలి.

అంకె తేడాగా ఉంటే రెగ్యులేటర్ కాయిల్ వెనక స్క్రూకు ఉన్న లాక్ నట్ వదులు చేసి, సవ్య దిశలో కొంచెం తిప్పితే వోల్టేజీ పెరుగుతుంది, అపసవ్యంగా తిప్పితే తగ్గుతుంది. కొంచెం అంటే నిజంగా కొంచెమే. తిప్పడం, చూడటం అంతా 30 సెకన్లలో ముగియాలి. ఆలస్యమైతే కాయిల్ వేడెక్కి, మీరు పెట్టిన అంకె చల్లారాక మరోలా ఉంటుంది. మొదటి ప్రయత్నంలో కుదరకపోతే ఆపేసి, చల్లారనిచ్చి మళ్ళీ మొదలుపెట్టండి. లాక్ నట్ బిగించాక ఇంకోసారి చదవడం తప్పనిసరి, బిగించేటప్పుడు స్క్రూ కాస్త కదులుతుంది. ఎర్త్ జాయింటు శుభ్రం చేయకముందు మాత్రం ఈ స్క్రూను ముట్టుకోకండి. చెడిన ఎర్త్‌కు సరిపోయేలా స్క్రూ దించేస్తే, తర్వాత ఎవరైనా ఎర్త్ బాగుచేసిన రోజు బ్యాటరీ చార్జ్ కావడం మానేస్తుంది. రంగు పని తర్వాత ఇప్పటికే మీ మెకానిక్ దాన్ని తిప్పి ఉండవచ్చు కూడా, అడగండి.

కటౌట్ పరీక్ష చిన్నది. ఎ, ఎ1 వైర్లు వాటి చోట్ల పెట్టేసి, మీటరు 'డి', 'ఇ' మధ్యే ఉంచి, హెడ్‌లైట్లు వేసి, ఐడిలింగ్ నుంచి వేగం మెల్లగా పెంచండి. 12.7 నుంచి 13.3 వోల్టుల మధ్య పాయింట్లు టక్కున మూసుకోవాలి. లోడు పడగానే ముల్లు కాస్త వెనక్కి దిగుతుంది, అదే గుర్తు. వేగం తగ్గించినప్పుడు 8.5 నుంచి 11 లోపు విడిపోవాలి. ఇది చూడాలంటే ఎ, ఎ1 వైర్లు మళ్ళీ విప్పి కలిపి, మీటరును 'ఎ'కీ 'ఇ'కీ మధ్య పెట్టాలి. వేగం తగ్గుతుండగా ముల్లు హఠాత్తుగా సున్నాకు పడే ముందు చూపిన అంకె చదవాలి. బ్యాటరీ కలిసి ఉండగా ఇంజను ఆపి, కటౌట్ పాయింట్లను వేలితో నొక్కి చూసే అలవాటు కొందరికి ఉంది. దయచేసి ఆ పని చేయకండి. బ్యాటరీ మొత్తం డైనమో గుండా ఖాళీ కావడానికి దారి ఇచ్చినట్టవుతుంది, పాయింట్లు అంటుకుపోతే పొగ చూడాలి.

పాయింట్లు శుభ్రం చేయడంలో తేడా ఉంది. రెగ్యులేటర్ పాయింట్లకు సన్నని కార్బొరండం రాయి వాడవచ్చు. కటౌట్ పాయింట్లు మెత్తని లోహం, వాటికి సన్నని గాజు కాగితమే వాడాలి. ఎమెరీ కాగితం వాటికి వద్దు. తర్వాత స్పిరిట్‌లో ముంచిన శుభ్రమైన గుడ్డతో తుడవండి, పొడి లోపల మిగలకూడదు.

అన్నీ అయ్యాక ఒకసారి బండి నడిపి, బ్యాటరీ బాగా నిండిన స్థితిలో, ఇంజను మధ్యస్థ వేగంలో ఉండగా బ్యాటరీ కొసల మధ్య చూడండి. లైట్లు లేకుండా 14, 14.5 మధ్య ఉంటే సంతోషించండి. హెడ్‌లైట్లు వేస్తే 13 చిల్లరకు దిగుతుంది, ఆ పెట్టె స్వభావమే అది. 15 దగ్గర గంటల తరబడి ఉంటే నీళ్ళు మళ్ళీ తగ్గుతాయి. బల్బుల సంగతి ఇంకా సున్నితం, వోల్టేజీ 5 శాతం పెరిగితే ఫిలమెంటు బల్బు ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మీ బల్బులు వరసగా మాడటం వాటి నాసిరకం వల్ల కాకపోవచ్చు.

ఇది చదివి ఇతర పాత కార్లవాళ్ళు ఇవే పరీక్షలు యథాతథంగా చేయకూడదు. 1960ల్లో వచ్చిన లూకాస్ ఆర్‌బి340 పెట్టెలో మూడు కాయిల్స్ ఉంటాయి, కరెంటుకు వేరే రెగ్యులేటర్ ఉంటుంది. అక్కడ ఖాళీ వోల్టేజీ 15 దగ్గరే ఉండాలి, 16 కాదు. అమెరికన్ కార్లలో ఇంకో చిక్కు. జనరల్ మోటార్స్ బళ్ళలోని డెల్కో-రెమీ జనరేటర్లలో రెగ్యులేటర్ ఫీల్డ్‌ను ఎర్త్ వైపు నుంచి నియంత్రిస్తుంది. వాటిలో ఎఫ్‌ను ఎర్త్ చేస్తే పూర్తి బలం వస్తుంది. ఆ కిటుకు నేర్చుకున్నవాళ్ళు లూకాస్ పెట్టె మీదో, పాత ఫోర్డ్ పెట్టె మీదో అదే చేస్తే రెగ్యులేటర్ పాయింట్లు కాలిపోతాయి. డెల్కో-రెమీ పెట్టెకు ఎర్త్ దాని లోహపు అడుగు నుంచి వస్తుంది కాబట్టి రంగు వేయించాక అక్కడ స్క్రూల కింద గీకి చూడాలి. 6 వోల్టుల బండి అయితే అంకెలన్నీ సుమారు సగం.

డైనమోను విప్పి బాగుచేయించినా, ఎర్త్ ధ్రువం మార్చినా దానికి దిశ (ఏ వైపు ప్లస్, ఏ వైపు మైనస్ అన్నది) మళ్ళీ నేర్పాలి. లూకాస్‌లో డైనమో మీది ఎఫ్ వైరు తీసేసి, బ్యాటరీలో ఎర్త్ కాని కొస నుంచి ఒక తీగ తెచ్చి డైనమో ఎఫ్ టెర్మినల్‌కు రెండు మూడు సార్లు క్షణం పాటు తాకిస్తే చాలు. మీరు డైనమోను ముట్టుకోలేదు కాబట్టి ఈ అవసరం మీకు రాదు.

ఆల్టర్నేటర్ మాటకొస్తే, నేను వద్దనే అంటాను. రాత్రిపూట దూరాలు తిరగాలి, శక్తిమంతమైన లైట్లు పెట్టాలి, ఏసీ పెట్టాలి అంటే అది వేరే లెక్క, ఆ డైనమో ఇచ్చే 20 ఆంపియర్లు వాటికి చాలవు. మామూలు హెడ్‌లైట్లు, వైపర్, హారన్ ఉన్న మైనర్‌కు చక్కగా సరిపోతాయి. ఆల్టర్నేటర్ వేస్తే ముందు బండి ధ్రువం మార్చాల్సి రావచ్చు, వైరింగు మార్చాలి, ఈ పెట్టె ఊరికే అలంకారంగా మిగులుతుంది. పైగా మీ ఎర్త్ జాయింటు అలాగే వదిలేస్తే కొత్త యంత్రానికీ దాంతో తిప్పలు తప్పవు. ముందు 'ఇ' నుంచి బ్యాటరీ కొసకు ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలవండి. ఆ అంకె, దాంతో పాటు డైనమో ఒంటి దగ్గర వచ్చిన అంకె, ఎఫ్ వైరు తీసినప్పుడు చార్జింగ్ ఆగిందా లేదా అన్నది నాకు రాయండి. ఆ మూడూ చూశాక కూడా పెట్టె మీదే అనుమానం మిగిలితే, ఏది కొనాలో అప్పుడు మాట్లాడుకుందాం.